కొంగమొహం

మార్చి 3, సోమవారం

కోపం వస్తే నోటితో అనకూడదట, కాగితం మీద పెట్టాలట. బీపీ డాక్టరు చెప్పాడు. "మీకేమండీ, మీ కారు తాళం తిప్పగానే స్టార్టవుతుంది" అన్నాను. "ఇదిగో, ఇదే నేను చెప్పేది. ఈ మాట నాతో అనకండి, ఇంటికెళ్ళి రాసుకోండి" అన్నాడు. రాశాను. ఏమీ చల్లబడలేదు.

అయినా సరే. ఇవాళ్టి నుంచి అరవడం బంద్. ఈయన మీద, ఈయన అక్కగారి ఫోన్ల మీద, మా కట్టుడుపళ్ళ ల్యాబులో మైనం పొయ్యి మీద పెట్టి మరిచిపోయేవాళ్ళ మీద, అందరికన్నా ముందు ఆ కారు మీద.

మార్చి 5, బుధవారం

ఆ కారు మీద అరవకుండా ఉండాలంటే మనిషి రాయి అయినా అయ్యుండాలి, చెవిటిదైనా అయ్యుండాలి.

పొద్దున ఎప్పటిలాగే అత్తయ్యను గేటు పక్క మెట్టు మీద కూర్చోబెట్టి, చేతికి కర్ర ఇచ్చి, నేను వెళ్ళి కారులో కూర్చున్నాను. ముందు ఆవిడను ఎక్కించుకుని తర్వాత స్టార్ట్ చేద్దామంటే కుదరదు. అది స్టార్టయ్యేలోపు లోపల మనిషి ఉడికిపోతుంది. తాళం తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మామూలుగా అయితే ఈపాటికి "కొంగమొహందానా, కదలవే!" దగ్గర మొదలుపెట్టి దాన్ని తయారుచేసిన కంపెనీ ఏడు తరాలదాకా వెళ్ళేదాన్ని. దాని ముక్కు మీద రెక్కలు విప్పిన కొంగ బొమ్మ ఉంటుంది, కంపెనీ గుర్తు. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. రోజూ వచ్చే కార్యక్రమం ఇవాళ ఎందుకు రాలేదా అని కాబోలు. ఎట్టకేలకు స్టార్టయింది.

అత్తయ్య మెట్టు మీద నుంచి లేవలేదు. రోజూ ఈపాటికి తనంతట తనే లేచి కర్ర పొడుచుకుంటూ వచ్చేసేది. నేనే దిగి వెళ్ళి, "రండత్తయ్యా, మెల్లిగా" అన్నాను.

"కారేదీ?" అంది.

"ఎదురుగా ఉందిగా అత్తయ్యా."

ఆ మసక చూపుతోనే దానివైపు చూసింది. "మనదేనా?"

మనదేనా! మామయ్య కొన్న కారు. మామయ్య పోయారు గానీ కారు పోలేదు, అదే నా ఖర్మ. ఎక్కడమైతే ఎక్కింది గానీ, దారంతా సంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది, బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చున్నట్టు.

చూపు తగ్గుతోంది. మతి అంతకన్నా తొందరగా తగ్గుతోంది. ఈయనకు చెబితే "అమ్మకేం, బాగానే ఉంది" అన్నారు. ఈయనకు ఇంట్లో అన్నీ బాగానే ఉంటాయి. బడిలో డ్రిల్లు మాస్టారు కదా, తెల్లారకముందే విజిల్ మెళ్ళో వేసుకుని మైదానానికి వెళ్ళిపోతారు. సోమ, బుధ, శుక్రవారాలు తల్లిని డయాలిసిస్‌కి తీసుకెళ్ళేది నేను.

ఒక్క మాట అనలేదు ఇవాళ. నన్ను నేనే మెచ్చుకోవాలి, ఇంకెవరూ మెచ్చుకోరు.

మార్చి 6, గురువారం

ఎవరో పెద్దాయన కట్టుడుపళ్ళకు పై వరస ఒక డబ్బాలో, కింద వరస ఇంకొకరి డబ్బాలో పెట్టి పంపేశారు మా ల్యాబువాళ్ళు. అరవలేదు. తల పగిలిపోతోంది.

మార్చి 7, శుక్రవారం

కారు చచ్చింది!

ముందు జరిగింది ముందు రాయాలి. పొద్దున అత్తయ్యను ఎక్కించడానికి గడ్డం పట్టుకుని బతిమాలాల్సి వచ్చింది. "ఇది మనది కాదమ్మా, ఎవరిదో" అంటుంది. ఎంత నెమ్మదిగా చెప్పానో! ఆసుపత్రి రిసెప్షన్‌లో మాట్లాడే అమ్మాయి కూడా అంత తియ్యగా మాట్లాడదు. ఎంత తియ్యగా చెబితే అంత బిగుసుకుపోయింది. చివరికి చంకల కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెట్టాను. నడుం పట్టేసింది.

మనది కాదన్న మాట కారుకు వినిపించిందేమో, తిరిగొస్తుంటే ఆసుపత్రి మలుపులో నల్లటి పొగ వదిలి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. మళ్ళీ దించేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజను పోయిందమ్మా. బాగు చెయ్యచ్చనుకోండి. కానీ ఎందుకు?"

అంత చక్కని మాట ఈ మధ్యకాలంలో నాతో ఎవరూ అనలేదు. నడిరోడ్డు మీద నిలబడి నవ్వాను.

నవ్వు ఎంతసేపో నిలవలేదు. టాక్సీ పిలిస్తే అత్తయ్య ఎక్కదు. కారు దిగదు కూడా. టాక్సీవాడు మీటరు వేసుకుని కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆవిడను ఆ చచ్చిన కారులోనే ఉంచి, మెకానిక్ తన జీపుకు తాడు కట్టి లాక్కొచ్చాడు. నేను స్టీరింగ్ పట్టుకుని, పక్కన అత్తయ్య, వీధి వీధంతా మమ్మల్నే చూస్తూ. ఊరేగించినట్టయింది.

మార్చి 8, శనివారం

నేను ఏ కారు కొనాలో నాకు ఎప్పటి నుంచో తెలుసు. మూడు చుక్కల కంపెనీ చిన్న కారు. మా ల్యాబు దారిలోనే షోరూము, అద్దంలోంచి రోజూ చూస్తూ ఉంటాను. సీటు ఎత్తుగా ఉంటుంది. తలుపు బాగా వెడల్పుగా తెరుచుకుంటుంది, అత్తయ్య మోకాళ్ళకు హాయి. ఏసీకి తిప్పే మీట ఉంది, తెర మీద వేలితో పొడుస్తూ కూర్చోనక్కర్లేదు. లేత ఆకుపచ్చ రంగు. ఒకసారి లోపలికెళ్ళి కూర్చున్నాను కూడా. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఈయనతో అన్నాను. ఈయన ఫోన్ తీసి అక్కగారికి కలిపి, స్పీకర్‌లో పెట్టారు. తోబుట్టువులు ఏం చేసినా జంటగానే చేస్తారు.

"మన నాన్న కొంగ తప్ప ఇంకోటి కొన్నారుట్రా ఎప్పుడైనా?" అంది వదిన. "అమ్మకు ఆ కారంటే నాన్నే. వేరే కంపెనీది తెస్తే అమ్మ ఎక్కదు గాక ఎక్కదు."

"నిన్న చూశావుగా, టాక్సీ ఎక్కిందా?" అన్నారీయన నావైపు తిరిగి. "చచ్చినా కొంగలోనే కూర్చుంది. అదీ నమ్మకమంటే!"

వదిన నడిపేది మూడు చుక్కల కారు. ఆ మాట అడిగాను, మెల్లిగానే. "మా సంగతి వేరమ్మా, మావారికి నడుంనొప్పి" అంది.

నడిపేది నేను. ఎక్కించేది నేను. నా నడుం సంగతి ఎవరికీ పట్టదు. కంపెనీ మాత్రం వీళ్ళు చెప్పాలి! అరవకుండా వాదించడం నాకు చేతకాదని ఇవాళే తెలిసింది. నోరు తెరిస్తే అరుపే వస్తుంది, మూసుకుంటే ఏమీ రాదు. మూసుకున్నాను.

మార్చి 10, సోమవారం

ఈయన సహోద్యోగి, లెక్కల మాస్టారు, తన కారు తెచ్చాడు. అదీ కొంగ గుర్తుదే. ఈయనా సెలవు పెట్టారు, రుజువు చూపించడానికి. అత్తయ్య మెట్టు మీద కూర్చుంది. ఈయన "అమ్మా, రా అమ్మా, కొంగ కారే" అని బతిమాలారు. లేవలేదు. లెక్కల మాస్టారు బతిమాలాడు. లేవలేదు. నేను ఆవిడ సంచీ వెనక సీట్లో పెట్టి తలుపు వేయబోతే వేలు నలిగింది. "నీ మొహం మండ, కొంగమొహమా!" అని నోరు జారాను. ఒక్కటే. నొప్పికి అన్నది లెక్కలోకి రాదు.

ఇంతలో ఆవిడే లేచి వచ్చి ఎక్కింది.

"చూశావా?" అన్నారీయన. మైదానంలో వాళ్ళ జట్టు గెలిచినప్పుడు కూడా ఆ మొహం అలా వెలగదు. "టైము తీసుకుంది గానీ, కొంగని గుర్తుపట్టింది!"

లెక్కల మాస్టారు కూడా తలూపాడు. రుజువైపోయిందట. సాయంత్రం కొంగ షోరూముకు వెళ్ళాం. సేల్స్‌మన్ ఈయనను చూడగానే పెళ్ళివారిని చూసినట్టు ఎదురొచ్చాడు. మామయ్య కారు సంగతి ఈయన చెబుతుంటే వాడు కళ్ళు తుడుచుకోవడం ఒకటే తక్కువ. "మీలాంటివాళ్ళు మాకు కస్టమర్లు కాదు సార్, కుటుంబం" అన్నాడు. కుటుంబం కదా, బూడిద రంగు తప్ప స్టాకులో ఏదీ లేదన్నాడు. షోరూములో నిలబెట్టిందే రేపు ఇచ్చేస్తాడట. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకూ తెలియదు, వేలు సలుపుతోంది.

మార్చి 11, మంగళవారం

కారు వచ్చింది. మీట నొక్కితే స్టార్టవుతుందట. చప్పుడు రాదు, స్టార్టయిందో లేదో తెర మీద చదువుకోవాలి. లోపల ఒకావిడ గొంతు, "స్వాగతం. మీ ప్రయాణం శుభప్రదం కావాలి" అంటుంది. ఏసీ పెట్టాలంటే తెరను నాలుగుసార్లు పొడవాలి.

సాయంత్రం ఈయన బడి పిల్లలను పోటీలకు తీసుకుని పొరుగూరు వెళ్ళారు. శుక్రవారం రాత్రికి వస్తారు. వెళ్తూ వెళ్తూ కారు బానెట్ నిమిరారు. నాకు వెళ్ళొస్తానని చెప్పారో లేదో గుర్తులేదు.

మార్చి 12, బుధవారం

ఎక్కలేదు.

"కొత్త కారు అత్తయ్యా. మనదే. కొంగ గుర్తే" అన్నాను. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. కారు లోపలావిడ కూడా స్వాగతం చెప్పింది.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. "నర్సమ్మా, నువ్వు వెళ్ళమ్మా. మా కోడలు వచ్చాక వస్తాను" అంది.

"నేనే అత్తయ్యా మీ కోడల్ని."

చిన్నగా నవ్వింది, చిన్నపిల్ల అబద్ధం చెప్పినప్పుడు నవ్వినట్టు. "సరేలే. ఆవిడ్ని రానీ."

ఈయనకు ఫోన్ చేశాను. విజిళ్ళ మధ్య నుంచి, "కొంగ బొమ్మ మీద చెయ్యి పెట్టించు! తడిమితే గుర్తుపడుతుంది" అన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పాత కొంగకు రెక్కలూ ముక్కూ చేతికి తగిలేవి. ఈ కొత్తదాన్ని చదును చేసి రెండు గీతలు మిగిల్చారు. తడిమి, "కత్తెర" అంది. మళ్ళీ ఫోన్ చేశాను. "పాత కొంగను ఊడదీసి దీనికి తగిలించు" అన్నారు. మిట్టమధ్యాహ్నం స్క్రూడ్రైవరు పట్టుకుని చచ్చిన కారు ముక్కు ఊడదీశాను. టేపు వేసి కొత్తదానికి అంటించాను. పాత కారులోని దిండు తెచ్చి సీట్లో వేశాను. మామయ్య ఫోటో తెచ్చి అద్దం ముందు పెట్టాను. "బాగుందమ్మా" అంది అత్తయ్య, మెట్టు మీద నుంచే. "మా కోడలు వచ్చిందా?"

డయాలిసిస్ పోయింది ఇవాళ్టికి.

నన్ను మరిచిపోయింది. కొంగ గుర్తుందో లేదో గానీ నేను మాత్రం గుర్తులేను. ఆవిడ నీళ్ళు నేనే కొలిచి ఇస్తాను, ఆవిడ గోళ్ళు నేనే తీస్తాను, ఆవిడ పళ్ళసెట్టు నా చేత్తో నేనే పోతపోశాను, అది పెట్టుకునే నన్ను నర్సమ్మా అంది. కళ్ళనీళ్ళు వచ్చాయి. అరవలేదు. అరిచి ఎవరి మీద పడాలి?

మార్చి 13, గురువారం

ఆసుపత్రివాళ్ళు ఇవాళ వేరే టైము ఇచ్చారు. అంబులెన్స్ పిలిచాను. అత్తయ్య గేటు ఊచలు పట్టుకుని, "ఎత్తుకుపోతున్నారు, ఎత్తుకుపోతున్నారు" అని వీధంతా వినిపించేలా అరిచింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "స్పృహలో ఉండి రానంటే మేం బలవంతం చెయ్యకూడదమ్మా" అన్నాడు ఒకతను. "మరి ఎప్పుడు చేస్తారు?" అంటే, "స్పృహ తప్పితే పిలవండి" అన్నాడు.

ఎంత మర్యాదగా అన్నాడో. నేనూ అంతే మర్యాదగా తలుపు వేసుకున్నాను.

పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది.

మార్చి 14, శుక్రవారం

నిదానంగా రాయాలి.

పొద్దున లేచేసరికి అత్తయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఆయాసపడుతోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది, గంటలో తీసుకురండి, లేకపోతే మా చేతుల్లో ఉండదు అన్నారు. నెమ్మదిగా నడిపించి మెట్టు మీద కూర్చోబెట్టాను. అక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాత రాదు. "కోడలు రాలేదు" అంటుంది, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

కనీసం కారు దగ్గరగా తెచ్చి పెడదామని వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ సంచీ పక్క సీట్లో పడేశాను. మీట నొక్కాను. "స్వాగతం" అంది. గేరు వేశాను. కుయ్‌కుయ్‌మని మొదలుపెట్టింది. పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదట! సంచీకి బెల్టు పెట్టాలట! నేను బ్రేకు మీద కాలు పెట్టి వెతుక్కుంటుంటే, "దయచేసి ప్రశాంతంగా నడపండి" అంది.

అంతే. ఇంక నాకు తెలియలేదు.

"నీ ప్రశాంతం తగలెయ్య, కొంగమొహందానా! సంచీకి బెల్టు పెడతావుటే? మనిషి చచ్చిపోతోంది అక్కడ, నీకు బెల్టు కావాలా! నీ కంపెనీ కూలిపోను, నీకు ముక్కు తీసేసి కత్తెర పెట్టినవాడి చేతులు పడిపోను, నిన్ను కొన్నవాడికి విజిల్ గొంతులో ఇరుక్కోను, కదలవే మొద్దుమొహమా, కదలవే..." ఇంకా చాలా అన్నాను. వదినను అన్నాను, వాళ్ళాయన నడుమును అన్నాను, బీపీ డాక్టరును అన్నాను. పన్నెండు రోజులుగా ఈ కాగితాల మీద పెట్టినదంతా తిరిగి నోట్లోకి వచ్చింది. స్టీరింగ్‌ను రెండు చేతులా బాదాను. హారన్ మోగింది.

కర్ర చప్పుడు వినిపించింది.

"వస్తున్నానే, వస్తున్నా... ఎందుకలా అరుస్తావు... వీధంతా లేస్తుంది" అంటూ అత్తయ్య వస్తోంది. ఆగి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ అడుగు వేస్తూ. నేను దిగి పరిగెత్తి పట్టుకున్నాను. తన చేత్తో నా మొహం తడిమింది.

"ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? ఎవరో నర్సు వచ్చి నన్ను తీసుకుపోతానంటుంది. తియ్యగా మాట్లాడుతుంది. నేను కదల్లేదు. నువ్వు రాకుండా ఎలా ఎక్కుతాను?"

ఎక్కింది. తనంతట తనే సీట్లో సర్దుకుని కూర్చుంది. డాష్‌బోర్డు మీద చేత్తో తట్టి, "మొండిది. నీ మాటకి తప్ప లొంగదు" అంది. దారంతా ఏడుస్తూ నడిపాను, మధ్యమధ్య తిడుతూ. ఆపితే ఆవిడ నావైపు తిరిగి చూస్తోంది.

సమయానికి అందింది. సాయంత్రానికి ఆయాసం తగ్గింది.

మార్చి 15, శనివారం

ఈయన రాత్రి వచ్చారు. జరిగిందంతా చెప్పాను. మొత్తం విని ఏమన్నారో తెలుసా? "ఏదైతేనేం, అమ్మ చివరికి కొంగనే ఎక్కింది!"

అంటే లేత ఆకుపచ్చది కొన్నా ఎక్కేది! ఎడ్లబండి తెచ్చినా ఎక్కేది! నేను దాన్ని తిడితే చాలు! ఈ మాట ఆయనతో అరిచి చెప్పాను. లోపలి గదిలోంచి అత్తయ్య, "కారు వచ్చిందా?" అంది.

మార్చి 19, బుధవారం

ఈయనకు ఒక ఆలోచన వచ్చింది. నేను ఊళ్ళో లేని రోజు ఎలాగని, సోమవారం నేను తిడుతుంటే ఫోన్‌లో రికార్డు చేశారు. ఇవాళ నన్ను ఇంట్లో కూర్చోమని, తాను కారులో కూర్చుని స్పీకర్లలో పెట్టారు. నా గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నిజంగా అంత ఘోరంగా ఉంటుందా నా గొంతు?

అత్తయ్య కర్ర మీద గడ్డం పెట్టి శ్రద్ధగా వింది. లేవలేదు. ఈయన దిగి వచ్చి, "అమ్మా, వినపడలేదా? నీ కోడలే" అన్నారు.

"అది మొన్నటిది" అంది అత్తయ్య. "మా కోడలు ఒకసారి తిట్టినట్టు ఇంకోసారి తిట్టదు. ఎవరో నేర్చుకుని తిడుతున్నారు."

ఈయన మొహం చూడాలి! కొంగ ఉంది, కొడుకు ఉన్నాడు, నాన్న ఫోటో కూడా అక్కడే ఉంది. నేను బయటికొచ్చి, సెలవు పెట్టి మరీ నా గొంతు దొంగిలించిన మహానుభావుడి దగ్గర మొదలుపెట్టాను. రెండో వాక్యానికి ఆవిడ లేచింది.

మార్చి 21, శుక్రవారం

బీపీ డాక్టరు పట్టీ చుట్టి, చూసి, మళ్ళీ చుట్టాడు. "డైరీ రాస్తున్నారా?"

"రాస్తున్నానండీ."

"మరి ఇదేమిటి, పెరిగింది?"

"మాత్ర పెంచండి డాక్టరుగారూ. డైరీ మానేస్తాను" అన్నాను. కారణం చెబితే నమ్మడు, చెప్పలేదు. వస్తుంటే సిగ్నల్ దగ్గర లేత ఆకుపచ్చది ఒకటి వచ్చి నా పక్కనే ఆగింది. అటు చూడలేదు. "ముందు వాహనానికి దూరం పాటించండి" అంది మా కొంగమొహం. దానికి సోమవారం పొద్దున ఉంది.

ఏం అనాలో ఇప్పుడే తోస్తోంది, మంచివి రెండు మూడు. రాయను. ఇక్కడ పెట్టేస్తే అక్కడికి చల్లారిపోతాయి, ఆవిడ కనిపెట్టేస్తుంది.